ఐదు చరణాల నీళ్లు

"నా బిడ్డ దక్కదా?" అన్నాడు సిద్రామప్ప. నారాయణఖేడ్ బడిలో సైన్సు చెప్పే సారే అయినా, విరేచనాలతో వాడిపోయిన తొమ్మిది నెలల పాప ముందు ఆ చదువంతా ఎటో పోయింది. మిషన్ దవాఖాన ఆయా రాహేలమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పాపకు తాగించే నీళ్లు తెర్లగానే పాట అందుకుంది. ఒక్కో చరణంలో ఒక్కో బిడ్డను ఎత్తుకొమ్మని యేసయ్యను వేడుకునే పాట అది. ఆమెది ముక్కు గొంతు, శ్రుతి అసలే లేదు. రోజూ నాలుగో చరణం రాగానే కొంగుతో కళ్లొత్తుకుంటుంది, చుట్టూ ఉన్న రోగులూ ముక్కులు చీదుతారు. వేళ తప్పని ఈ కన్నీళ్ల తంతు చూస్తే సిద్రామప్పకు ఒళ్లుమంట. రెండో చరణంలోనే గిన్నె దించేశాడు. రాహేలమ్మ ఆ నీళ్లు తీసుకెళ్లి వాకిట్లో పారబోసింది.

"గింత చదివినవ్, నీళ్లు కాగబెట్టరాదా సారూ?"

"పాటకు పురుగులు చస్తయా?" అని వెక్కిరించాడు.

"చస్తయ్. గత్తరల, గదే కలరాల, నన్ను గన్న అవ్వకు ఐదుగురు పిల్లలు పోయిండ్రు. తెర్లినంక ఇంకింతసేపు ఉంచుమన్నది మిషన్ దొరసాని. మా గుడిసెల గడియారం యాడిది? పోయిన ఒక్కో బిడ్డకు ఒక్కో చరణం కట్టి, ఐదూ పాడినంకనే దించేది. నాలుగోడు నన్నెత్తుకున్న అన్న. గా నీళ్లు తాగే నేను బతికిన."

సిద్రామప్ప మళ్లీ నీళ్లు పెట్టాడు.

పాప తేరుకుంది. ఇప్పుడు సిద్రామప్ప మెడలో వీరశైవుల లింగకాయతో తన ఇంటి పొయ్యి ముందు కూర్చుని ఐదు చరణాలూ తనే పాడుతున్నాడు, రాహేలమ్మ చెప్పినట్టే: "ఎంత పరేషానున్నా జల్దీ పాడకు సారూ. ఒక్కర్ని గూడ ఇడిసిపెట్టకు."