ఫోన్ రాని గడియారం

ఇది ముందే రాయాల్సింది. కానీ నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రాలేదు. చిన్నప్పుడు తోటిపిల్లలు బడికి పోతుంటే నేను మగ్గానికి నూలు కండెలు చుట్టాను. పెళ్ళయి సూరత్ వచ్చాక ఖటోదరాలో మరమగ్గాల షెడ్డులోనూ అదే పని. మా నేతవాళ్ళ సంఘం ఆదివారాలు పెట్టిన తరగతిలో రాయడం, చదవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా, పెన్ను పట్టుకుని కూర్చోగానే చేతికున్న స్మార్ట్‌వాచ్ వణికేది.

అది నా కొడుకు కొనిచ్చింది. షెడ్డు మోతలో నాకు ఫోన్ వినబడదని. మగ్గాల దగ్గర మోతకు ఎవరూ ఉలిక్కిపడరు, మోత ఆగితే ఉలిక్కిపడతారు. పోగు తెగితే మగ్గం ఆగుతుంది, ఆగిందంటే పరుగెత్తాలి. ఆ అలవాటు కొద్దీ, మణికట్టు వణికినప్పుడల్లా ఎక్కడ ఏం తెగిందో అన్నట్టు లేచేదాన్ని.

షుగర్ వచ్చిందని డాక్టరు నడవమన్నాడు. నడక మెల్లగా పరుగైంది. పొద్దున్నే కాలువ రోడ్డు మీద పరుగెత్తే ఆ గంట ఒక్కటే నాది. అందులోనూ ఫోన్లే. చాయ్‌పత్త డబ్బా ఎక్కడని నా భర్త, నీళ్ళ మోటరు వేశావా అని అత్త. ఒకరోజు బూటు లేసు కట్టుకోవడానికి కూర్చుంటే కొడుకు ఫోన్ చేశాడు, రెండు నిమిషాలుగా కదలడం లేదేమని. వాళ్ళ ఫోన్లో మ్యాపు మీద నేను చుక్కలా కనబడుతున్నానని అప్పుడు తెలిసింది.

రెండేళ్ళకు ఆ స్మార్ట్‌వాచ్ బ్యాటరీ పోయింది. కొత్తది కొందామని కొడుకు దుకాణానికి తీసుకెళ్ళాడు. వాడు అలాంటిదే, ఇంకా పెద్దది చూస్తున్నాడు. నేను వేరేది అడిగాను. నాతో పరుగెత్తే బ్యాంకు ఉద్యోగిని చేతికి చూశాను దాన్ని. పరుగు కోసమే చేసిన గడియారం. దూరం, సమయం, గుండె వేగం, అంతే. చెమట చేతితోనూ నొక్కగలిగే మీటలు. ఎండలోనూ కనబడే అంకెలు.

"గిండ్ల ఫోన్ రాదే అమ్మా. ఫిర్ ఫాయిదా ఏంది? నువ్వు యాడున్నవో మాకెట్ల తెలవాలె?"

"తెలవొద్దనే, బిడ్డా."

గడియారాలు చూపిస్తున్న అమ్మాయికి తెలుగు రాదు, అయినా మా ఇద్దరి ముఖాలు చూసి పక్కకు జరిగింది. కొడుకు నేనడిగిందే కొన్నాడు.

రాత్రి అన్నం దగ్గర కొడుకు చెబుతుంటే నా భర్త విషయమంతా విన్నాడు. కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది.

"ఉరుకు, ఎవరొద్దన్నరు? జర బిల్డింగు చుట్టే ఉరుకు. గ్యాలరీలకెల్లి కనబడ్తవ్."

అత్త అప్పుడే తన కుర్చీని గ్యాలరీలోకి, అదే బాల్కనీలోకి, జరిపించుకుంది. నేను కాదనలేదు. కాదంటే గడియారం తిరిగి ఇచ్చేయమంటారేమోనని భయపడ్డాను.

మర్నాడు ఫోన్ వంటింట్లో పెట్టి, గడియారం కట్టుకుని కిందికి దిగాను. బిల్డింగు చుట్టూ ఒక చుట్టు నూట ఎనభై మీటర్లు. అత్త కనబడినప్పుడల్లా చెయ్యి ఊపాను. ఏడో చుట్టులో గేటు దాటి కాలువ రోడ్డెక్కాను. రెండు కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగాను. వచ్చేసరికి అత్త, నా భర్త గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య నుంచి లోపలికి వెళ్ళి, స్నానం చేసి, షెడ్డుకు అన్నం డబ్బా కట్టుకున్నాను.