ఖానాపూర్ శిక్షణకు భోజన దాత

గర్భిణులకూ పిల్లలకూ పెట్టే తిండి కోసం సర్కారు ఖర్చు చేసే సొమ్ము వాళ్ల కంచం దాకా వస్తోందా లేదా అన్నది ఊళ్లో వాళ్లే కనిపెట్టుకోవాలి. ఎలా కనిపెట్టాలో, ఎవరిని అడగాలో మహిళా సంఘాలకు నేర్పడం నా ఉద్యోగం. ఈ మాట బస్సులో ఎవరికి చెప్పినా ఇంకోసారి చెప్పమంటారు. అందుకని ఈ మధ్య "ట్రైనింగ్‌కు పోతున్న" అని ఊరుకుంటున్నాను.

పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో మెట్‌పల్లి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు చార్జీ లేదు గానీ ఆధార్ కార్డు చూపించాలి. నా కార్డు మీద ఫొటో నాదేనని కండక్టరమ్మను నమ్మించేసరికి బస్సు ఊరి పొలిమేర దాటింది. పక్కన నిలబడ్డ పెద్దాయన నన్నూ నా సున్నా టికెట్టునూ మార్చి మార్చి చూశాడు.

"పైసలిచ్చినోళ్లం నిలవడాలె, ఉత్తగ ఎక్కినోళ్లు కూసోవాలె. మంచిగున్నది" అన్నాడు.

జరిగి చోటిచ్చాను. కూర్చున్నాక సర్కారు మీద ఆయన కోపం కొంచెం తగ్గింది. జగిత్యాల వచ్చేదాకా ఆయన మోకాళ్ల నొప్పుల గురించి విన్నాను.

మెట్‌పల్లి బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, చాయ్‌లో చక్కెర తప్ప ఏమీ లేదు. ఖానాపూర్ బస్సు తొమ్మిదింటికని బోర్డు మీద ఉంది. అడిగితే "వస్తది" అన్నారు. బోర్డుకూ ఆ మాటకూ మధ్య ముప్పావుగంట తేడా. గోదావరి వంతెన మీద నుంచి నిండుగా నీళ్లు కనిపించాయి, అదొక్కటే ఆ పొద్దున నా ప్రాణానికి హాయి. వంతెన దాటగానే పత్తి ట్రాక్టరు ఒకటి అడ్డం తగిలింది. ఎంత హారన్ కొట్టినా అది పక్కకు జరగలేదు. ఖానాపూర్ దాకా దాని వెనకే పోయాం.

మమ్మల్ని పిలిచిన స్థానిక సంఘం కార్యదర్శి తిరుపతి మోటారు సైకిల్ వేసుకొని బస్టాండుకు వచ్చాడు. నిజాయితీపరుడు, పనిమంతుడు, నవ్వు ముఖం. ఫంక్షన్ హాలు గేటు దగ్గర బండి ఆపాడు. గేటు మీద బ్యానర్, బ్యానర్ మీద శిక్షణ పేరుకంటే పెద్దగా ఎవరిదో ఫొటో.

"గీయనెవరు తిరుపతీ?"

"మన భోజన దాత మేడం. మనది ఒక్క పైస ఖర్చు గాలే."

"ఏం జేస్తడు?"

"అంగన్‌వాడీ సెంటర్లకు గుడ్లు సప్లయ్ జేస్తడు. అడగంగనే ఒప్పుకున్నడు. మంచోడు మేడం."

ఆ రోజు మేం నేర్పబోయే పాఠమే సెంటర్ల గుడ్ల గురించి. సర్కారు పైసలు కట్టేది ఇంత బరువున్న గుడ్డుకని ఒప్పందంలో ఉంటుంది, వచ్చే గుడ్డు అంతుందా అని అడగడం నేర్పాలి. అడగవలసిన మనిషి వేదిక మీద మధ్య కుర్చీలో శాలువా కప్పుకొని కూర్చుని ఉన్నాడు. తిరుపతి మోసగాడైతే తిట్టి పోదును. కానీ ఇక్కడ గణపతి మండపమైనా, కబడ్డీ పోటీలైనా, కండ్ల పరీక్షల క్యాంపైనా ముందు భోజనానికి దాతను చూస్తారు, మిగతావి తర్వాత. అతను అదే చేశాడు. దాత దొరికాడన్న సంతోషం అతని ముఖంలో చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సన్మానాలు పదకొండున్నరకు ముగిశాయి. నేను మైకు తీసుకొని, మీ సెంటర్లలో గుడ్లు ఎలా వస్తున్నాయని అడిగాను. ఆడవాళ్లంతా వేదిక వైపు చూశారు.

"మంచిగనే వస్తున్నయ్ మేడం" అంది ముందు వరసలో ఒకామె. పోయిన వారం ఫోన్లో నా చెవి పోయేలా మొర పెట్టుకున్నది ఈమే.

నా ఆశంతా నర్సవ్వ మీద ఉంది. గోదావరి ఇవతలి ఊళ్లో బీడీలు చేస్తుంది. కోడలికి ఏడో నెల, రక్తం బాగా తక్కువగా ఉంది, రోజూ గుడ్డు పెట్టమని నిర్మల్ దవాఖానలో చెప్పారు. సెంటర్లో అడిగితే స్టాక్ రాలేదంటారు, వచ్చిన నాడు నిమ్మకాయంత గుడ్డు చేతిలో పెడతారు. కోడలికి ఏమన్నా అయితే కొడుకుకు ఏం చెప్పాలో తెలియడం లేదని ఫోన్లో నాతో అంది. ఆ నర్సవ్వ కూడా తల వంచుకొని కూర్చుంది. చాయ్ ఇచ్చినప్పుడు పక్కకు పిలిచి కసిరాను.

"గింత దూరం వచ్చి అడగకపోతివి?"

"ఎట్లడుగుత మేడం? అవుతల పొయ్యి మీద ఆయన బువ్వ ఉడుకుతున్నది."

తిన్నింటి మనిషిని నలుగురిలో నిలదీయడం వీళ్ల లెక్కలో మర్యాద కాదు. ఇంకా తిననే లేదు కదా అందామనుకున్నాను. వాసన అప్పటికే హాలంతా నిండింది.

ఒంటిగంటకు భోజనాలు. అన్నం, పప్పు, గుడ్డు కూర, సేమియా పాయసం. దాత స్వయంగా కూర గిన్నె పట్టుకొని "ఇంకోటి ఏసుకోవాలె అక్కా" అని వరసంతా తిరిగాడు. నాకూ వేశాడు, తిన్నాను. కూర బాగుందని ఒప్పుకోవడానికి నాకు ఒళ్లు మండుతోంది.

నర్సవ్వ చెయ్యి కంచంలో ఆగిపోవడం అప్పుడు చూశాను. మీ సెంటర్లో ఇచ్చేది ఏదైనా ఒకటి శిక్షణకు తెమ్మని అందరికీ చెప్పి ఉన్నాం. అందరూ మరిచిపోయారు, ఆమె మరవలేదు. బస్సులో పగలకుండా ఉడకబెట్టిన గుడ్డును సంచిలోంచి తీసి కంచంలో గుడ్డు పక్కన పెట్టింది. పక్కామె వంగి చూసింది, ఆ పక్కామె కూడా. వరసలో ఒక్కొక్కరే తినడం ఆపారు. నర్సవ్వ మాత్రం అన్నం, పప్పు శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కొని, రెండు గుడ్లూ ఒక ప్లేటులో పెట్టుకొని దాత ముందుకు పోయి నిలబడింది.

"బువ్వ తిన్న బిడ్డా, నీ కడుపు సల్లగుండ. గుడ్డు మాత్రం తినలే. గిది నువ్వు మాకు వడ్డించినది. గిది నువ్వు మా సెంటర్‌కు పంపినది. పెంకుతోటి ఉన్నా గింతనే ఉన్నది, జూడు."

ఆయన నవ్వాడు. "కోడి ఎంత పెడితె గంత అవ్వా. నా చేతుల ఏమున్నది?"

"పెద్దయి పెట్టే కోళ్లు గూడ నీ తాన ఉన్నయ్ గద."

హాలు గొల్లుమంది. ఆ నవ్వుతో పొద్దుటి నుంచి మూతబడ్డ నోళ్లు తెరుచుకున్నాయి. "మాకు పోయిన నెల మొత్తం రాలే" అంది ఒకామె. "వచ్చినయ్ల సగం మురిగినయ్" అంది ముందు వరసామె. దాత గొంతు తగ్గించాడు.

"నీ కోడలికి రేపు ఇంటికే ఒక ట్రే పంపుత, తీస్కో అవ్వా."

నర్సవ్వ ప్లేటులో రెండు గుడ్ల వైపూ చూసింది. తీసుకుంటుందేమోనని నాకు భయం, తీసుకున్నా ఏ ముఖంతో తప్పు పట్టను?

"నాకిస్తె ఇగ నేనేం మాట్లాడుత? సెంటర్‌కే పంపు బిడ్డా. గంతే పెద్దయి పంపు, అందరికి."

దాతకు ఫోన్ వచ్చింది, మళ్లీ లోపలికి రాలేదు. శాలువా కుర్చీలోనే ఉండిపోయింది. శిక్షణకు వచ్చిన అంగన్‌వాడీల అధికారి "పైకి రాస్తం" అన్నాడు. ఆ పైనేముందో ఇన్నేళ్లుగా నాకు తెలుసు గనక, రాసిన కాగితం నకలు సంఘానికి ఇస్తేనే కదులుతామని కూర్చున్నాం. ఇచ్చాడు.

నాలుగున్నర బస్సు అయిదింటికి వచ్చింది. నర్సవ్వ నా పక్క సీట్లో కూర్చుంది, ఒళ్లో స్టీలు డబ్బా, అందులో రెండు గుడ్లు. సాక్ష్యం కదా, దాచి ఉంచితే బాగుండేదని నసిగాను.

"ఫొటో తీస్కున్నరు గద మేడం. నా కోడలు ఫొటో తింటదా?"

ఇంతలో తిరుపతి ఫోన్. వచ్చే నెల భైంసాలో శిక్షణకు అప్పుడే దాత దొరికాడట, సెంటర్లకు పాలు సప్లయ్ చేసేవాడు. నేను పళ్లు నూరుతుంటే నర్సవ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

"తిరుపతీ, ఎవ్వలిది వద్దు. ఎవరి సద్ది ఆళ్లు కట్టుకొని రమ్మని జెప్పు. తినుకుంట అడుగుడు మస్తు కష్టమైంది నాకు."

ఇటు పోదలచిన వాళ్లకు నేను చెప్పేదీ అదే: ఆడవాళ్లయితే ఆధార్ కార్డు మరవకండి, ఎవరైనా సరే సద్ది మరవకండి.

వంతెనకు ముందు స్టేజీలో నర్సవ్వ దిగింది. కోడలు రోడ్డు పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంది, ముఖం పాలిపోయి. ఎదురుగా వచ్చే లారీ కోసం మా బస్సు ఆగింది. నర్సవ్వ అక్కడే డబ్బా తెరిచి పెద్ద గుడ్డు ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన సెంటర్‌దేనా అత్తమ్మా?" అని అడిగింది.