ఓడ గదిలో మూడో పడక

ఓడ గదిలో మూడో మనిషికి సోఫానే పడకగా వేస్తారని మా మైలవరం పిన్ని ముందే చెప్పింది. అది ఎవరి పాలవుతుందో ఓడెక్కాక తెలిసింది.

మధ్యాహ్నం, నడుముకు బెల్టు కట్టుకున్న పెద్దావిడ ఒకరు మెట్ల దగ్గర కుర్చీలో కునికిపాట్లు పడుతూ కనిపించారు.

"గదిలో పడుకోకపోయారా అండీ?"

"నా సోఫాలో అల్లుడుగారు టీవీ చూస్తున్నారమ్మా. లేవమంటానా?"

"వాళ్ళ మంచం ఖాళీయేగా?"

"పొద్దున కాసేపు ఒరిగితే, దుప్పటి నలిగిందని అమ్మాయి కసిరింది."

కన్నకూతురే అలా అందని వింటే ఒళ్ళు మండింది. ఆవిడను మా గదికి తీసుకెళ్ళాను. మావారు, దేవుడి దయ, అడక్కుండానే మంచం దిగారు. ఆవిడ మా దుప్పటిని జాగ్రత్తగా మడిచి పక్కనపెట్టి, వట్టి పరుపు మీద పడుకున్నారు.

నా కోపం ఇంకా చల్లారలేదు. మీరెప్పుడైనా ఓడెక్కితే, సోఫాలో కూర్చునేముందు ఆవిడను తలుచుకోండి.