ప్రభువు చిత్తమైతే మూడేళ్ళు

మా టీవీ ఉప్పుగాలికి పోయింది. చిట్టమూరు దాటి సముద్రం వైపుకి వచ్చే మా ఊళ్ళల్లో ఇనుము ఏదీ నిండా బతకదు. కిటికీ చువ్వలు సన్నబడిపోతాయి, ఫ్యాను రెక్కల మీద మచ్చలు లేస్తాయి, రోజూ నూనె పెట్టకపోతే నా కుట్టుమిషను కదలనని మొండికేస్తుంది. టీవీ వెనక మూత విప్పిన మెకానిక్ లోపల బోర్డు మీద పట్టిన పచ్చటి చిలుము చూపించి, ఇంక దీని మీద ఆశ పెట్టుకోబాకక్కా అని చెప్పి వెళ్ళిపోయాడు.

నాకు టీవీ లేకపోతే జరగదు. మిషను తొక్కుతున్నంతసేపూ చెవిలో ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. అది లేని ఇంట్లో పని సాగదు, పొద్దు గడవదు. కొత్తది కొందాం అంటే మా ఆయన ఇప్పుడెందుకు అన్నాడు. ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. అందుకే ఒళ్ళు మండింది.

అంతకుముందు ఏడాది ఆయనకు నెల్లూరులో గుండె ఆపరేషన్ చేశారు. గుండె బాగుపడింది. డాక్టరు తిను, తిరుగు, పని చేసుకో అన్నాడు. మనిషి మాత్రం బాగుపడలేదు. బస్టాండులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడిలాగా ఇంట్లో కూర్చునేవాడు. ఊరందరికీ బట్టలు కుట్టేదాన్ని, కట్టుకున్నవాడికి క్రిస్మస్ చొక్కా కుడదామని టేపు తీసుకుని వెళితే, ఉన్నవి చాలు, కొత్తవి వృథా అన్నాడు. పెరట్లో మామిడి మొక్క పెడదామంటే, కాయలు తినేదెవరు అన్నాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏడ్చినదానికంటే, బతికి ఇంటికొచ్చాక ఆయన మాటలకే ఎక్కువ ఏడ్చాను. ఏడుపు తీరాక తిట్టేదాన్ని. దేనికీ ఉలుకూ పలుకూ లేదు.

ఇక ఆయన నోట్లో నానే మాట ఒకటుంది. మేం క్రైస్తవులం. రేపటి సంగతి ఏది చెప్పినా ముందు 'ప్రభువు చిత్తమైతే' అనడం మాకు అలవాటు. దాంట్లో తప్పేమీ లేదు, రేపు మన చేతిలో లేదు కదా. అయితే మా వాళ్ళు దాన్ని ఇంకో పనికి కూడా వాడతారు. కూటానికి రమ్మనో, చందా వేయమనో ఎవరైనా వస్తే, మొహం మీద కాదనలేక, 'ప్రభువు చిత్తమైతే వస్తాంలే' అంటారు. అంటే రారు. అడిగినవాళ్ళకూ అది తెలుసు, నవ్వుకుని వెళ్ళిపోతారు. ఆపరేషన్ అయినప్పటినుంచి మా ఆయన ఆ మాట తప్ప ఇంకో మాట ఆడటం మానేశాడు. రేపు పప్పు చేయనా అన్నా అదే.

ఒకరోజు చెకప్‌కి నెల్లూరు వెళ్ళాం. వెంకటాచలం వచ్చేదాకా బస్సులో టీవీ గురించే పోట్లాడుకున్నాం. డాక్టరు అన్నీ చూసి, భేషుగ్గా ఉన్నారు, మళ్ళీ ఏడాదికి రండి అన్నాడు. మా ఆయన ప్రభువు చిత్తమైతే అన్నాడు. డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బయటకు రాగానే చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న పెద్ద టీవీల షాపులోకి లాక్కెళ్ళాను. జనం మధ్యలో గొడవ ఎందుకని వచ్చాడంతే.

షాపులో తలలో కనకాంబరాలు పెట్టుకున్న ఒక అమ్మాయి మాకు టీవీలు చూపించింది. ఆయన నిలబడిన చోటే ఒకదాన్ని చూసి ఇది చాలన్నాడు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, కంపెనీవాళ్ళ వారంటీ ఏడాదే ఉంటుంది, దానిపైన ఇంకో మూడేళ్ళు పొడిగించుకోవచ్చు, తీసుకుంటారా అంకుల్ అని అడిగింది. మా ఆయన తలుపు వైపు చూస్తూ, ప్రభువు చిత్తమైతే తీసుకుందాంలేమ్మా అన్నాడు.

కాసేపటికి బిల్లు వచ్చింది. దాంట్లో మూడేళ్ళ వారంటీ కూడా ఉంది.

"ఇదేందమ్మా, నేను వద్దంటిని గదా" అన్నాడాయన.

"మీరే కదంకుల్, దేవుడి దయ ఉంటే తీసుకుందామన్నారు" అంది ఆ అమ్మాయి బెదిరిపోయి.

నాకు నవ్వు ఆగలేదు. షాపంతా తిరిగి చూసేలా నవ్వాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు! వాళ్ళ ఇంట్లో దేవుడి మీద భారం వేశామంటే పని ఒప్పుకున్నట్టే. మా ఇంట్లో తప్పించుకున్నట్టు. ఆ సంగతి విడమరిచి చెబితే ఆ అమ్మాయి కూడా నవ్వి, తీసేయిస్తాను ఆంటీ అంది. తియ్యబాకమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. నిజానికి అలాంటివన్నీ డబ్బు దండగ అని పదిమందికీ చెప్పేదాన్ని నేనే. కానీ మా ఇంట్లో ఇంకో మూడేళ్ళు ఏదో ఒకటి నడుస్తుందని, ఎవరో ఒకరు, చివరికి షాపువాళ్ళైనా సరే, అంటే చాలనిపించింది.

ఆయన నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "మూడేళ్ళు ఎవరు చూసొచ్చినార్మే?"

"నేను చూస్తా. నువ్వూ చూస్తావు" అన్నాను. ఆయన నా మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అని పిలిచే చనువు, దాంతోపాటు నోరు కూడా ఉంది నాకు. "టీవీకి మూడేళ్ళ మాట ఇచ్చేవాళ్ళుండారు బావా. డాక్టరు బాగుండావని చెప్పినా నీ నోట్లో రేపటి మాట రాదు. నేను ఎవురితో కాపరం చేస్తుండా?"

ఆయన మొహం చిన్నబోయింది. ఆ అమ్మాయి వైపు తిరిగి, తుప్పు పడితే ఈ వారంటీ వస్తుందా అని అడిగాడు. ఆ అమ్మాయి తనకు తెలియదని ఒప్పుకుని, లోపలికి వెళ్ళి షాపు పెద్దాయన్ని అడిగి వచ్చింది. తుప్పుకి రాదు, తేమకి రాదు, సముద్రపు గాలికి రాదు, బల్లి దూరి చచ్చినా రాదట. మిగతా అన్నిటికీ వస్తుందట.

మా ఊళ్ళో టీవీ చచ్చేదే ఆ రోగంతో. ఉన్న రోగానికి తప్ప లేని రోగాలన్నిటికీ మందిచ్చినట్టుంది వీళ్ళ సంబడం. అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీవీ కోసం కాదు. ఒక్క మూడేళ్ళ మాట అడిగితే అది కూడా మా ఊరి పొలిమేర దాటి రాదంటే ఎట్లా ఉంటుంది?

ఆయన నన్ను చూశాడు. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాడు. మెల్లగా వెళ్ళి, బల్ల మీద ఉన్న టీవీ వెనక్కి వంగాడు. ఆపరేషన్ దాకా ఆయన రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే మోటార్లకు మెకానిక్. ఉప్పునీళ్ళతోనే బతుకంతా కొట్లాట. వెనక ఉన్న సందుల మీద వేలు పెట్టి చూస్తూ, ఈ మూత ఎన్ని మరలతో వస్తుంది, గోడకి తగిలిస్తే వెనకాల ఎంత ఖాళీ ఉంటుంది అని ఆ అమ్మాయిని అడగడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ఇంకొకాయన్ని పిలిచింది. ముగ్గురూ టీవీ వెనకే నిలబడ్డారు. నేను ముందు కూర్చుని వాళ్ళ కాళ్ళు చూస్తున్నాను.

"ఆ తూర్పు కిటికీ పక్కన పెట్టి మనమే చంపుకున్నాం పాతదాన్ని" అని అక్కడినుంచే నాతో అన్నాడు. "దీన్ని లోపలి గోడకి కొడతా. మరలకి గ్రీజు పూస్తా. చూడనప్పుడు గుడ్డ కప్పాల. గుడ్డ నువ్వు కుట్టు. ఏటా క్రిస్మస్‌కి సున్నాలేసేటప్పుడు మూత విప్పి తుడుస్తా."

ఏటా అన్నాడు. ఆ మాట నేను విన్నాను. విన్నట్టు కనిపిస్తే ఎక్కడ వెనక్కి తీసుకుంటాడోనని, ఏ రంగు గుడ్డ కావాలో చెప్పమన్నాను. గళ్ళది వద్దు, ముదురు రంగుది కుట్టు, మాయదు అన్నాడు. చాలా రోజుల తర్వాత మేమిద్దరం గొడవ లేకుండా ఒక వస్తువు గురించి మాట్లాడుకున్నాం.

వారంటీ తీసేసి వేరే బిల్లు ఇమ్మని ఆయనే ఆ అమ్మాయికి చెప్పాడు. ఈసారి నేను అడ్డం చెప్పలేదు. ఆయన చేతులకు అంటిన దుమ్ము దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. పాత రోజుల్లో మోటారు బాగుచేసి గుంట గట్టు ఎక్కి వచ్చేటప్పుడు ఇట్లాగే వచ్చేవాడు.

"దీన్ని పదేళ్ళు ఆడించకపోతే నన్నడుగుమే" అన్నాడు.

మామూలుగా అందరూ అనే మాటే అది. పందెం కాసేవాళ్ళూ అంటారు, బేరగాళ్ళూ అంటారు. నాకు మాత్రం పదేళ్ళు అన్నదొక్కటే వినిపించింది. కుర్చీలోంచి లేచాను.

"అడుగుతా బావా. పదేళ్ళకి ఆ టీవీ ముందర నిలబెట్టి అడుగుతా. నువ్వు నా ఎదురుగా ఉండి జవాబు చెప్పాల."

ఆయన కొత్త బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్తాలే, పద" అన్నాడు.