తడి బట్టలు చూసి రాసిన క్షేమం

నగతోమి ఒక వీధి ఠాణాలో పద్నాలుగేళ్ళుగా గస్తీ పోలీసు. సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టడం, లోపలివాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కుని చీటీలో రాయడం అతని పని. నిరుడు వానల్లో ఆ పనిలోనే తప్పు చేశాడు. ఒంటరిగా ఉండే షిగెజో అనే ముసలాయన ఇంటి ముందు సైకిలైనా దిగలేదు. వెదురు దండెం మీద బట్టలు ఆరేసి ఉన్నాయి కదా, మనిషి బాగానే ఉన్నట్టే అనుకుని ‘క్షేమం’ అని రాసి సాగిపోయాడు.

ఆ బట్టలు అప్పటికి రెండు రోజులుగా వానలో నానుతున్నాయి. వీధివాళ్ళూ చూశారు, ఠాణావాళ్ళు చూసుకుంటారులే అని ఊరుకున్నారు. మరో రెండు రోజులకు తలుపు తీస్తే షిగెజో వంటింట్లో చచ్చిపడి ఉన్నాడు. నగతోమి చీటీ రాసిన పూట ఆయన ఇంకా ఊపిరితోనే ఉండి ఉంటాడని డాక్టరు చెప్పాడు. ఆ మాట నగతోమి గుండెల్లో మేకులా దిగబడిపోయింది.

పైవాళ్ళు మందలించారు. ఆ తర్వాత సంస్కరణ అన్నారు. నవ్వే కుక్కపిల్ల బొమ్మతో ‘మళ్ళీ నమ్మకం’ అని గోడలకు కాగితాలు అంటించారు. టీ పోసి, బిస్కెట్లు పెట్టి సభ చేస్తే ఆ బిస్కెట్లు తినడానికి పోలీసులే మిగిలారు. పైవాళ్ళకు ఇలాంటివి భలే తోస్తాయి. మనిషి కోపానికి కుక్కపిల్ల బొమ్మ ఏం చేస్తుంది పాపం.

వీధివాళ్ళు ఎవరూ గొడవ చేయలేదు. ఇదివరకు ముల్లంగి ఊరగాయ చేతిలో పెట్టి పంపినవాళ్ళు ఇప్పుడు తలుపు గొలుసు తీయకుండా, రెండు వేళ్ళంత సందులోంచి జవాబు చెప్తున్నారు. వీధి కబుర్ల పలక ఒకటి ఇంటింటికీ తిరుగుతుంది. చదివి, గడిలో ఇంటి ముద్ర వేసి, పక్కింటికి అందించాలి. ఆ గడుల వరసలో ఠాణా గడిని కొట్టేశారు, అదీ స్కేలు పెట్టి. ఎంత కోపమొచ్చినా గీత మాత్రం వంకర పోనివ్వరు.

“బదిలీ అడగొచ్చుగా,” అంది భార్య చిజుయె. “ఇంకో ఊళ్ళో అయితే మీ మొహం ఎవరికీ తెలీదు.”

“తెలీకపోతే మళ్ళీ సైకిలు దిగనేమో,” అన్నాడు.

అప్పట్నుంచి అతనికి ప్రతి దండెమూ భయమే. చూసి వచ్చిన ఇంటికే మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసేవాడు. అన్నిటికన్నా భయం వీధి చివరి ఇల్లు. అక్కడ షిగెజో అక్క, డెబ్బై తొమ్మిదేళ్ళ తొకీ, ఒక్కతే ఉంటుంది. ఏడాదిగా ఆమె ఒక్కసారీ తలుపు తీయలేదు. తడితే లోపల్నుంచే, “బతికే ఉన్నాను, రాసుకుని పో,” అనేది. ఆ గొంతు వినబడితే చాలు, ఆ పూటకు అతనికి అన్నం సయించేది.

ఆ మంగళవారం పొద్దున గొంతు వినబడలేదు.

మళ్ళీ తట్టాడు. లేదు. తలుపు పిడికి కబుర్ల పలక ఉన్న సంచీ వేలాడుతోంది. ముందురోజు గస్తీలోనూ అది అక్కడే ఉంది. తొకీ పలకను ఒక్క పూట కూడా ఆపే మనిషి కాదు. తలుపు బద్దలు కొడదామంటే, ఇంట్లో అడుగు పెట్టొద్దన్న మనిషి ఆమె. లోపల ఊరికే నిద్రపోతూ ఉంటే ఫిర్యాదు చేస్తుంది, దాంతో ఒంటి మీద చొక్కా ఊడుతుంది. కొట్టకపోతేనో? ఆ ఆలోచన పూర్తి కాకముందే పక్కనే తోఫు అనే సోయా పనీరు అమ్మే కొట్టుకు పరుగెత్తాడు.

కొట్టు నడిపే ఇసొగాయ్ దగ్గర ఆ ఇంటి రెండో తాళంచెవి ఉంటుంది. ఆమె నీళ్ళ తొట్టిలోంచి చేతులు తీయలేదు.

“తాళంచెవా? నీకా? నువ్వు బట్టలు చూసి జాతకం చెప్పే మనిషివి కదయ్యా.”

“నాకివ్వద్దండీ. మీరే తీయండి. నేను గడప దాటను. తొందరగా రండి, మీకు దణ్ణం పెడతాను.”

ఆమె అతని మొహం చూసింది. చేతులు తుడుచుకోకుండానే బయల్దేరింది.

తాళం తిరిగింది. నగతోమి టోపీ తీసి గడప బయటే నిలబడ్డాడు. నిరుడు షిగెజో వంటింట్లోంచి వచ్చిన వాసన గుర్తొచ్చి ఊపిరి బిగబట్టాడు. లోపల ఇసొగాయ్ అడుగులు ఆగిపోయాయి.

“మామ్మగారూ, ఇదేం పనండీ. నా ప్రాణం పోయింది.”

తొకీ పొట్టి బల్ల ముందు కూర్చుని టీ తాగుతోంది. ఎదురుగా తమ్ముడి ఫొటో.

“పలక నేనే వదిలేశాను, కావాలనే,” అంది గడప వైపు చూస్తూ. “షిగెజో నాలుగు రోజులు ఎదురుచూశాడు. నాకోసం ఎన్ని రోజులకు వస్తారో చూద్దామనుకున్నా. ఒక రోజు పట్టింది.”

“నిన్ననే రావాల్సిందండీ,” అన్నాడు నగతోమి. “సంచీ కనబడింది. మీ గొంతు వినబడిందని వెళ్ళిపోయాను.”

“ఊఁ. పక్కింటిదానివి, నీ సంగతేంటి?”

ఇసొగాయ్ తల వంచుకుంది. “నేనూ చూశాను మామ్మగారూ.”

తొకీ మెల్లిగా లేచి, గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. ఏడాది తర్వాత ఆమె మొహం చూస్తున్నాడు నగతోమి. చాలా చిక్కిపోయింది. తమ్ముడి కళ్ళే.

“చీటీ తెచ్చావా?”

“తెచ్చానండీ.” జేబులోంచి తీశాడు. పెన్ను మూత తీసి అడిగాడు, “ఏమని రాయమంటారు?”

“క్షేమం అని మాత్రం రాయకు. కోపంగా ఉంది అని రాయి.”

నగతోమి చీటీని అరచేతిలో పెట్టుకుని, తేదీ వేసి, ఎలా ఉన్నారు అనే గడిలో ‘కోపంగా ఉన్నారు’ అని రాశాడు. తొకీ దాన్ని లాక్కుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది. చదివి, లోపలికెళ్ళి పలక మీద వేసే ఇంటి ముద్ర తెచ్చి, ఆ మాట పక్కన వేసింది.