మావయ్యగారి తారు గీత

మొన్న మా మనవడు ఫోను నా ముందు పెట్టి, "దాదీ, యే దేఖో, అప్‌నీ గలీ!" అంటూ అందులోని పటంలో మా వీధి చూపించాడు. బాగ్‌బేరాలో మా ఇంటి మీద వేలు పెడితే చాలు, సముద్రమట్టానికి ఎంత ఎత్తో చెప్పేస్తోంది. ఆ ముక్క తెలుసుకోవడానికి ఒకప్పుడు నేను కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని రోజంతా వానలో తిరిగానంటే వాడు నవ్వాడు.

మా మావయ్యగారు ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో, ఒక ప్రభుత్వ ఆఫీసులో పటాల గది చూసేవారు. ఎత్తుపల్లాలు గీసిన పటాలు ఆ రోజుల్లో ఎవరికి పడితే వారికి చూపించకూడదు. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది, స్నానానికి కూడా తీసేవారు కాదు. అది నా సవతి అని మా అత్తగారు ముద్దుగా విసుక్కునేవారు.

డెబ్బైల చివర, నేను కాపురానికొచ్చిన ఏడే ఖర్కాయి పొంగింది. నీరు సముద్రమట్టానికి ఫలానా ఎత్తుదాకా రావచ్చని వంతెన దగ్గర కాగితం అంటించారు. అది మా గుమ్మం దాకానా, అటక దాకానా అన్నది ఎవరికీ అంతుపట్టలేదు. వీధి వీధంతా మా అరుగు ముందుకొచ్చింది. రైల్వేలో చేసే పక్కింటాయన, "బాబూ, ఆ పటం ఓపాలి అట్టుకొచ్చి సూపించండి, ఏటౌతాది?" అని బతిమాలాడు.

"తాళం నా మొలకుంటే బీరువా నాదైపోద్దేటి?" అన్నారు మావయ్యగారు.

మనవాడై ఉండీ ఇంత మొండితనమా అని జనం తిట్టుకుంటూ పోయారు. నాకూ ఒళ్లు మండింది.

మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం, ఒక తారు డబ్బా పట్టుకుని ఆయన నన్నూ రమ్మన్నారు. తిన్నగా స్టేషనుకి నడిచారు. అక్కడి పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎత్తు రాసి ఉంటుంది కదా! బళ్ల కోసం దాని కిందే నిలబడ్డ వాళ్లం, ఒక్కరమైనా చదివితేగా. "ఇది సర్కారే అందరికీ రాసి ఎట్టింది తల్లీ, దీనికి తాళం అక్కర్లేదు. గొట్టం కొస అట్టుకో, సెయ్యి వొణకనీకు" అన్నారు.

ఒక కొస ఆయన, ఒక కొస నేను. బోర్డు చెప్పిన పట్టాల ఎత్తు నుంచి మెట్టుమెట్టుగా మట్టం దించుకుంటూ మా వీధిదాకా వచ్చి, వంతెన దగ్గరి కాగితం చెప్పిన నీటి ఎత్తున ఇంటింటికీ తారు గీత గీశాం. పక్కింటాయన కొత్తగా సున్నం వేయించిన గోడనీ వదల్లేదు. గోడ చూసి ఆయనకి ఏడుపొచ్చింది, గీత నడుమెత్తున ఉండడం చూసి ఆ ఏడుపు కాస్తా ఆగిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని మిట్టమీది బడికి పరుగెత్తాడు. వీధంతా ఆయన వెనకే.

మర్నాడు పొద్దున నీరొచ్చింది. ఒక్క ప్రాణమూ పోలేదు. వరద తీశాక చూస్తే మరక గీతకి జానెడు కింద ఉంది. "జానెడు తప్పీసినారు బాబూ" అంటూనే పక్కింటాయన మావయ్యగారి చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. ఆ ఇంటి కోడలినని నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను. బీరువా తలుపు తెరవకుండానే ఆయన ఊరికి కావలసింది ఇచ్చారు.

ఆ గోడకి తరవాత ఎన్ని సున్నాలు వేసినా ఆ గీత మీద చెయ్యి పడనివ్వలేదు వాళ్లు. కాలం ఇంటింటి ఎత్తూ తెచ్చి మా మనవడి అరచేతిలో పెట్టేసింది. నా అరచేతిలో మాత్రం ఇంకా ఆ గొట్టం కొసే ఉంది, వణక్కుండా.