వదినకు మూటగట్టిన మాత్రలు

1963లో రాజపాళయంలోని ఒక నూలు మిల్లు డిస్పెన్సరీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. హోదా ఘనంగానే ఉండేది. నా కింద ఉన్నది మాత్రం ఒక కాంపౌండరు, ఒక నర్సు. జ్వరాలకు మందివ్వడం, గాయాలకు కట్లు కట్టడంతోపాటు, జబ్బు సెలవు మీద వెళ్లినవాళ్లు మళ్లీ పని చేయగలరో లేదో చూసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వడం నా బాధ్యత.

తిరుపతమ్మ రీలింగ్ విభాగంలో పనిచేసేది. కండెల మీది నూలును చిలపలుగా, అంటే పెద్ద చుట్టలుగా మార్చే ఆ పని రోజంతా నిలబడి చేయాలి. కీళ్లవాతం ఆమె కుడి తుంటిని తినేసింది. మదురైలో ఆపరేషన్ చేసి, అరిగిన ఎముక తల తీసేసి లోహపు బంతి అమర్చారు. మా వైపు అప్పటికది కొత్త వింత. మిల్లు ఆరు నెలల సెలవిచ్చింది. ఆలోగా నా సర్టిఫికెట్ రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. భర్త లేని మనిషికి వేరే ఆధారం లేదు.

ఇంటికొచ్చాక గాయం బాగానే మానింది గానీ, మిగతా కీళ్ల నొప్పికి తాళలేక వ్యాయామం మానేసింది. వ్యాయామం లేకపోతే కొత్త కీలు బిగుసుకుపోతుంది. మదురై సర్జన్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టమని ఉత్తరం రాశారు. నేను జంకాను. స్టెరాయిడ్ పుండును త్వరగా మాననివ్వదు, లోపల చీము పట్టినా బయటపడనివ్వదు. గాయాన్ని రెండుసార్లు చూసుకున్నాకే ఇచ్చాను. నాలుగో రోజున ఆమె గోడ పట్టుకుని నడుస్తూ నన్నే ఆటపట్టించింది.

"ఇన్నాళ్లూ ఈ మాత్తిర ఏడ దాచిపెట్టినారు డాక్టరయ్యా?"

ఈ మందు వాడేటప్పుడు, ఒంట్లో ఇలాంటి పదార్థాన్నే తయారుచేసే మూత్రపిండాల మీది గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. అందుకే మోతాదును మెల్లమెల్లగా దించాలి తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. తిరుపతమ్మకు ఇదంతా విడమరచకుండా, నేను చెప్పేదాకా ఆపొద్దని మాత్రం అన్నాను. తలూపింది.

మందు మొదలుపెట్టిన ఐదో వారం వెళ్లి చూస్తే మంచం మీద వాలిపోయి ఉంది. వాంతులు, కళ్లు తిరగడం. రక్తపోటు బాగా పడిపోయింది. ఇంకా మూడు వారాలకు సరిపడా ఉండాల్సిన మాత్రల పొట్లం ఖాళీ. గట్టిగా అడిగితే గోడవైపు తిరిగి చెప్పింది.

"చోళపురం వదిన వచ్చినాది. మోకాలు పట్టుకొని ఏడ్చినాది, పావం. ఇంట్లో పెట్టుకొని లేదని ఎట్లా చెప్పేది?"

చూడవచ్చిన ఆడబిడ్డను ఆ ఇళ్లలో వట్టి చేతులతో పంపరు. తమలపాకులు, పూలతోపాటు మాత్రలన్నీ ఆమె చెంగున మూటగట్టి పంపింది. నాకు కోపం నషాళానికంటింది. అరుస్తూనే సెలైన్ ఎక్కించి, సిరలోకి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాను. మధ్యాహ్నానికి లేచి కూర్చుని గంజి అడిగింది.

సరిగ్గా అప్పుడే ఆ వదిన సుబ్బక్క బస్సు దిగి, మామిడిపండ్ల గంపతో చకచకా లోపలికొచ్చింది. వెనకాల వాళ్ల వీధి ఆడవాళ్లిద్దరు, అవే మాత్రలు కావాలని!

"చూడండి డాక్టరయ్యా, పరిగెత్తమంటే పరిగెత్తతాను!"

నా కోపం ఎటుపోయిందో, పడీపడీ నవ్వాను. ఆమె వాడింది మూడు రోజులే కాబట్టి ఆపేసినా ప్రమాదం లేదు. మిగిలినవి వెనక్కి తీసుకుని, ఆ ముగ్గురి మోకాళ్లూ చూసి వేరే మందు రాశాను. జరిగింది చెప్పగానే సుబ్బక్క కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, తిరుపతమ్మ నడిచేదాకా ఊరికి పోనంది. పోలేదు కూడా. మాత్రలు తన బొడ్డున దోపుకుని, వేళకు ఒక్కొక్కటే ఇచ్చేది. పొద్దునా సాయంత్రం మరదలి చేయి పట్టుకుని వ్యాయామం చేయించేది. మోతాదు దిగుతూ దిగుతూ ఆగిపోయింది. నడక మాత్రం ఆగలేదు.

ఆరో నెలలో తిరుపతమ్మను రీలింగ్ యంత్రం ముందు గంటల తరబడి నిలబెట్టి, మెట్లెక్కించి చూశాకే సంతకం చేశాను. మర్నాడు కర్ర లేకుండా గేటులోకి నడిచొస్తుంటే తోటి ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ శుభకార్యాల్లోలా కులవ పెట్టారు. నాకు పట్టలేనంత సంతోషమేసింది.

మందు సంగతి రోగికొక్కరికే చెబితే చాలదని అప్పుడు తెలుసుకున్నాను. ఆ రోగి ఎవరికి లేదని చెప్పలేరో ఆ మనిషిక్కూడా చెప్పాలి. నా సర్వీసు ముగిసేదాకా, స్టెరాయిడ్ రాయాల్సివచ్చిన ప్రతిసారీ ఆ మనిషిని పిలిపించి, ముందు కూర్చోబెట్టుకున్నాకే కలం తీసేవాణ్ని.